చెస్కీ క్రుమ్లోవ్ డే ట్రిప్ ప్యాకేజీ కొనేముందు ఇది చదవండి

చెక్ దేశ రాజధాని ప్రాగ్ నుంచి చెస్కీ క్రుమ్లోవ్ అనే పాత ఊరికి "కోట టికెట్ కలిపి, ఫుల్ డే" అంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ప్యాకేజీలు చూసి కార్డు బయటికి తీస్తున్నవాళ్ల కోసం ఈ హెచ్చరిక. జర్మనీలో ఉంటున్న మేం నలుగురు స్నేహితులం అలాంటిదే ఒకటి కొన్నాం. డబ్బూ పోయింది, రోజూ పోయింది. బ్యాంకులో ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. పేరు తెలిసినా పెద్దగా ఉపయోగం లేదు లెండి, అవే ఫొటోలు, అవే మాటలు పెట్టుకుని అమ్మే సైట్లు బోలెడున్నాయి.

పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటారు కదా, ఇక్కడ ఊరు నిజంగానే గొప్పది, ప్యాకేజీయే దిబ్బ. వ్లతావా నది మెలికలు తిరుగుతూ పాత పట్నాన్ని దాదాపు దీవిలా చుట్టేస్తుంది. దాని పైన బండరాళ్ల మీద 13వ శతాబ్దంలో మొదలై, రోజెంబెర్క్, ఎగ్గెన్‌బెర్గ్, ష్వార్జెన్‌బెర్గ్ వంశాల చేతుల్లో పెరుగుతూ వచ్చిన కోట. 1992లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఊరంతా నడిచి చూడొచ్చు, వీధుల్లో తిరగడానికి ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. మోసమంతా ఇక్కడే ఉంది, చెప్తాను.

ప్యాకేజీ పేజీలో "కోట ప్రవేశం కలిపే ఉంది, విడిగా టికెట్ కొనక్కర్లేదు" అని స్పష్టంగా రాసి ఉంది. పక్కన కోట లోపలి గదుల ఫొటోలు, బంగారు పూత వేసిన బగ్గీ ఫొటో. మామూలు బస్సు చార్జీకి ఎన్నో రెట్లు ఎక్కువే అయినా, టికెట్లూ గైడూ అన్నీ అందులోనే కదా అనుకున్నాం.

పొద్దున బస్సు ఒకచోట ఆగి, ఇంకోచోట ఆగి, ఎవరి కోసమో ఎదురుచూసి, ప్రాగ్ దాటేసరికే పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది. దారిలో "చిన్న బ్రేక్" అని ఒక గాజు సామాను షాపు ముందు ఆపారు. ప్యాకేజీ పేజీలో దీని ఊసే లేదు. బాత్రూమ్‌కి వెళ్లాలన్నా షాపు మధ్యలోంచే దారి. ఎవరూ ఏమీ కొనడం లేదని కాబోలు, డ్రైవర్ తాపీగా కాఫీ తాగుతూ కూర్చున్నాడు. చివరికి ఊళ్లోకి చేరాక మాకు దక్కింది మూడు గంటలు కూడా లేదు. అందులోనే భోజనం.

గైడ్ గొడుగు పైకెత్తి లాట్రాన్ వీధి మీదుగా ఎర్ర గేటు దాటించింది. కందకంలో ఎలుగుబంట్లను చూపించింది, బురుజు కింద ఫొటోలు తీసుకోమంది, ఒక్కో ప్రాంగణం దాటించి, ప్లాష్ట్ వంతెన మీద నిలబెట్టి కింద ఎర్ర పెంకుల ఇళ్లను చూపించింది. అంతే, "కోట టూర్ పూర్తయింది" అంది. మమ్మల్ని గుడి ప్రాకారం చుట్టూ తిప్పి దర్శనం అయిపోయిందన్నట్టు! లోపలి గదుల సంగతేంటి అని అడిగితే, టికెట్ కౌంటర్ వైపు వేలు చూపించింది. తలుపు మూసి ఉంది, ఆ రోజు సోమవారం. చెక్ దేశంలో చాలా కోటల్లాగే ఇక్కడా సోమవారం లోపలి టూర్లకు సెలవు. చలికాలంలో ఆ గదులు చాలావరకు మూసే ఉంటాయి. "ఇదేంట్రా, సెలవు రోజుకి టికెట్ కలిపి ఎలా అమ్మారు?" అని మావాడు తలపట్టుకున్నాడు.

అసలు విషయం ఏంటంటే, ఆ ప్రాంగణాలకూ ఆ వంతెనకూ టికెట్టే లేదు. ఎవరైనా నడుచుకుంటూ వెళ్లిపోవచ్చు. డబ్బు కట్టాల్సినవి వేరే ఉన్నాయి: గైడ్‌తో వెళ్లే లోపలి గదులు, 162 మెట్లెక్కే బురుజు, 18వ శతాబ్దపు రంగస్థల యంత్రాలతో సహా ఇప్పటికీ నిలిచి ఉన్న బరోక్ నాటకశాల. ఇవన్నీ విడివిడి టికెట్లు. మా ప్యాకేజీలో వీటిలో ఒక్కటీ లేదు. అంటే ఉచితంగా చూసే చోటుకి టికెట్ కలిపామని చెప్పి డబ్బు లాగారన్నమాట.

తిరిగొచ్చాక ఫిర్యాదు చేస్తే అసలు నాటకం మొదలైంది. అమ్మిన సైటు వాళ్లు "బస్సు నడిపిన ఆపరేటర్‌ని అడగండి" అన్నారు. ఆపరేటర్ "మీరు డబ్బు కట్టింది మాకు కాదు" అని చేతులు దులుపుకున్నాడు. ఆన్‌లైన్‌లో కొన్నవాటిని 14 రోజుల్లో రద్దు చేసుకోవచ్చనే యూరప్ రూలు గుర్తొచ్చి ఇక్కడ చాలామంది ధీమాగా ఉంటారు. ఫలానా తేదీకి బుక్ చేసిన టూర్లు, వినోదాల టికెట్లకు ఆ రూలు వర్తించదు. అమ్మినవాళ్లు ఇచ్చిన గడువే గడువు. అయితే చెప్పింది ఇవ్వకపోతే అడిగే హక్కు మాత్రం ఎక్కడికీ పోదు, కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో డిస్ప్యూట్ వేయొచ్చు. యూరోపియన్ యూనియన్‌లో ఉంటున్నవాళ్లు, అమ్మిన కంపెనీ యూనియన్‌లోనే వేరే దేశంలో ఉంటే, తమ దేశంలోని యూరోపియన్ కన్జ్యూమర్ సెంటర్‌కి రాయొచ్చు, డబ్బు తీసుకోరు. ఇండియా నుంచి వచ్చినవాళ్లకు ప్రధానంగా బ్యాంకే దిక్కు.

ఒక్కటి మాత్రం తప్పకుండా చేయండి. కొనే రోజే ఆ పేజీ మొత్తం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మేం ఫిర్యాదు చేసిన తర్వాత చూస్తే "కోట ప్రవేశం" ఉన్నచోట "కోట ప్రాంగణం" అని మారిపోయి ఉంది. మా స్నేహితురాలు ముందే తీసి దాచిన స్క్రీన్‌షాట్లే ఇప్పుడు మాకున్న ఆధారం.

డబ్బుల దగ్గర ఇంకో వల ఉంది. చెక్ దేశం షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో, ఉన్నా అక్కడ నడిచే డబ్బు కొరునా, యూరో కాదు. మధ్యాహ్నం గైడ్ తీసుకెళ్లిన రెస్టారెంట్‌లో వెయిటర్ కార్డు మెషిన్ మా వైపు తిప్పకుండానే యూరో బటన్ నొక్కేశాడు. అలా నొక్కితే వాళ్ల మెషిన్ రేటు పడుతుంది, మన బ్యాంకు రేటు కాదు, బిల్లు తడిసి మోపెడవుతుంది. మెషిన్ మీరే చేతిలోకి తీసుకుని కొరునా ఎంచుకోండి. ఇండియా కార్డయితే రూపాయల్లో అడుగుతుంది, అక్కడా కొరునానే నొక్కండి. ఏటీఎంలో కూడా కన్వర్షన్ వద్దనే చెప్పాలి. కౌంటర్‌లో నగదు మార్చుకుని రేటు చూసి గుండె ఆగినంత పనైతే కంగారు పడకండి, 2019 ఏప్రిల్ నుంచి అక్కడ చట్టం మారింది. 1000 యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోగా రద్దు చేసుకోవచ్చు, రసీదు మాత్రం చేతిలో ఉండాలి. వీధిలో నోట్లు మారుస్తానని వచ్చేవాళ్లతో అసలు మాటలే పెట్టుకోవద్దు.

ఇంతకీ ఈ ఊరికి ప్యాకేజీ అక్కర్లేదు. ప్రాగ్ మెట్రో బి లైన్‌లో అందెల్ స్టేషన్ దిగితే, అక్కడే నా క్నీజెత్సీ బస్టాండు. నేరుగా క్రుమ్లోవ్ బస్సులున్నాయి, ప్రయాణం సుమారు మూడు గంటలు. బస్టాండు నుంచి పాత పట్నం నడక దూరమే. రైల్లోనూ వెళ్లొచ్చు కానీ స్టేషన్ కాస్త దూరం. వేసవి వారాంతాల్లో తిరుగు బస్సు సీట్లు ముందే అయిపోతాయి, రెండువైపులా ఒకేసారి బుక్ చేసుకోండి. లోపలి టూర్ కావాలంటే మంగళవారం నుంచి ఆదివారం లోపు పెట్టుకుని, కోట సొంత వెబ్‌సైట్‌లో టైము చూసి కొనండి. చిత్రకారుడు ఎగోన్ షీలే తల్లి పుట్టిన ఊరిది, 1911లో ఆయన కూడా కొన్నాళ్లున్నాడు. ఆయన పేరుతో ఉన్న ఆర్ట్ సెంటర్ చూడాలని మావాడికి ఎంత ఆశో! దాని దరిదాపులకి కూడా పోలేకపోయాం.

పెద్దవాళ్లను తీసుకెళ్తున్నాం, బస్సులు మారలేం, ప్యాకేజీ తప్పదు అనేవాళ్లు కొనేముందే మెయిల్ చేసి మూడు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి: బస్సు నడిపేది ఎవరు, ఊళ్లో ఉంచేది ఎన్ని గంటలు, కోటలో ఏ టూర్ టికెట్ ఇస్తారు. జవాబు నాన్చారంటే వదిలేయండి. ఇప్పటికే బుక్ చేసి ఉంటే కన్ఫర్మేషన్ మెయిల్‌లో రద్దు గడువు చూసుకోండి. మాకు బయల్దేరడానికి 24 గంటల ముందు వరకూ ఉచితంగా రద్దు అని ఉండింది. ఆ గడువు ఇంకా మిగిలి ఉన్నవాళ్లు ఇవాళే ఈ ప్రశ్నలు అడగండి.