ఆరేళ్లు వాడాక నా ఓబీడీ రీడర్: కోడు చెబుతుంది, చోటు చెప్పదు

అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన బ్లూటూత్ ఓబీడీ రీడర్ (కారు కంప్యూటర్ నమోదు చేసుకున్న లోపాలను చదివే పరికరం) ఒకటి ఆరేళ్లుగా నా టర్బో డీజిల్ కారులో ఉంటోంది. స్టీరింగ్ కింద ఉన్న 16 పిన్నుల సాకెట్‌లో గుచ్చితే ఇంజిన్ లోపం కోడు ఫోనులో కనిపిస్తుంది. కొన్నరోజున, ఇక మెకానిక్‌తో పని తీరిందని సంబరపడ్డాను.

ఆ సంబరం నార్కట్‌పల్లి దాటాక తీరింది. వంతెన ఎక్కుతుంటే కారు లాగడం మానేసింది. కోడు పీ0299, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో నుంచి రావలసినంత ఒత్తిడి రావడం లేదు. షెడ్డులో టర్బోనే మార్చాలన్నారు. నాకు మనసొప్పలేదు. ఇంజిన్ ఆపి తాళం మాత్రమే తిప్పి ఉంచితే మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని కొలిచేది) బయటి గాలి ఒత్తిడినే చూపాలి. హైదరాబాదు ఎత్తులో అది సుమారు 95 కిలోపాస్కల్. ఇంటికి వచ్చి చూస్తే సరిగ్గా 95. సెన్సర్ నిక్షేపంగా ఉంది. కానీ బండి నడుపుతూ ఎంత తొక్కినా ఆ ఒత్తిడి 130 దాటదు. అంతకుముందు 200 అవలీలగా దాటేది.

ఇక నా అనుమానం టర్బో ఒత్తిడిని అదుపు చేసే సొలినాయిడ్ (కరెంటుతో పనిచేసే చిన్న వాల్వు) వైపు మళ్లింది. మరి అది ఎక్కడుంది? ఫోను చెప్పదు. ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మ వేరే ఇంజిన్‌ది. చివరికి టర్బో పక్కనున్న డబ్బాలాంటి యాక్చుయేటర్ (టర్బో మీటను కదిపేది) దగ్గర మొదలుపెట్టి, సన్నటి వ్యాక్యూమ్ గొట్టాన్ని వేలితో తడుముతూ వెళ్లాను. అది బ్యాటరీ వెనక, వైర్ల గుత్తి కిందికి దూరింది. సొలినాయిడ్ అక్కడే ఉంది. దానికి తొడిగిన గొట్టం కొస ఎండిన బెండకాయలా నిలువునా చీలింది. చీలినంత మేర కోసి మళ్లీ తొడిగాను. ఖర్చు లేదు, మోచేయి మాత్రం గీరుకుంది.

అప్పటినుంచి నా పద్ధతి ఒక్కటే: గాలి వెళ్లే దారి వెంట వెళ్లడం. ఫిల్టర్ డబ్బా దాటగానే గాలిని కొలిచే మాఫ్ సెన్సర్, టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ తరవాత, సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్ మీద మ్యాప్ సెన్సర్. గాలితో సంబంధం లేని, ఇంజిన్ తిరిగే వేగాన్ని చూసే క్రాంక్ సెన్సరే ఏడిపించింది. బండి కింది ప్లాస్టిక్ కవచం విప్పితే గానీ కనబడలేదు. ఇంజిన్ చల్లారాకే చెయ్యి పెట్టాలి. కనెక్టర్ నొక్కు కూడా నెమ్మదిగా నొక్కాలి. వేడికి ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది. నేను ఒకటి విరగ్గొట్టాను, ఇప్పటికీ దానికి జిప్ టై కట్టే ఉంది.

రీడర్‌కు అయిదింటికి నాలుగు ఇస్తాను. నా దానికి ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లు అందవు. కోడు చెరిపే బటన్ మాత్రం మొదటి తెరమీదే పెట్టారు, అదేమి తెలివో! చెరిపే ముందు కోడు కాగితం మీద రాసుకోండి. పని కాగానే రీడర్ పీకేయండి. ఆ సాకెట్‌కు తాళం తీసేసినా కరెంటు వస్తూనే ఉంటుంది. పది రోజులు ఊరెళ్లి వచ్చేసరికి నా బ్యాటరీ చచ్చి ఉంది.