చేతి తయారీ వైన్, చీజ్‌ల మీద డాక్యుమెంటరీ: ఎవరి డబ్బుతో తీస్తే మేలు?

చిన్న ద్రాక్షతోట పెట్టుకుని సొంతంగా వైన్ చేసే మనిషి మీదో, తరాలుగా ఒకే పద్ధతిలో చీజ్ చేస్తున్న కుటుంబం మీదో డాక్యుమెంటరీ తీద్దామనుకునేవాళ్లు మొట్టమొదట ఏ కెమెరా కొనాలని అడుగుతారు. కెమెరా సంగతి ఎలాగోలా తెములుతుంది. సినిమా పూర్తవుతుందా, మధ్యలో ఆగిపోతుందా అన్నది తేల్చేది డబ్బు వచ్చే దారి. ఎంత వస్తుందన్నదాని కంటే ఎవరిస్తున్నారు, ఎప్పుడిస్తున్నారు, ఎప్పటిలోగా సినిమా చేతిలో పెట్టమంటున్నారు అన్నవే నాకు ముఖ్యం.

ఈ తిండి అంతా కాలం మీద నడుస్తుంది మరి. ఇటలీలోని పార్మిజానో రెజ్జానో చీజ్ కనీసం 12 నెలలు మాగాలి. అక్కడిదే బరోలో వైన్, ద్రాక్ష కోసిన ఏడాది నవంబరు నుంచి లెక్కేస్తే, కనీసం 38 నెలలకు గానీ బయటికి రాదు. మోదెనా సంప్రదాయ బాల్సమిక్ వెనిగర్‌కైతే కనీసం 12 ఏళ్లు. ద్రాక్ష కోత ఏడాదికి ఒక్కసారే వస్తుంది: ఉత్తరార్ధగోళంలో దాదాపు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, దక్షిణార్ధగోళంలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. ఒక తోటలో కోత నడిచే ఆ కొద్ది రోజులు చేజారితే మళ్లీ ఏడాది ఆగాల్సిందే. అందుకని ఏ డబ్బుకు ఓపిక ఉంది, ఏ డబ్బుకు లేదు అన్న కొలతతోనే దారులన్నిటినీ తూచి చూస్తాను.

అన్నిటికంటే తేలిగ్గా దొరికేది తయారీదారు డబ్బు. వాళ్లకు పేరు కావాలి, మనకు సినిమా కావాలి, ఒక్కసారి కూర్చుంటే మాట కుదురుతుంది. కోతకు ముందే డబ్బు చేతికొస్తుంది, తలుపులన్నీ తెరుచుకుంటాయి. అయినా నేను వద్దంటాను. డబ్బిచ్చే మనిషి ఎంత మంచివాడైనా సరే. చెడిపోయిన పీపా, వానకు కుళ్లిన గుత్తులు, కూలి డబ్బుల దగ్గర గొడవ, ఈ పని నావల్ల కాదని ఇల్లు విడిచిన కొడుకు, ఇలాంటివే సినిమాకు ప్రాణం పోస్తాయి. సరుకు అమ్మకానికి అడ్డుపడేవీ ఇవే. ఎడిటింగ్ గదిలోకి ఆ పెద్దమనిషి ఒక్కసారి కూడా రాకపోవచ్చు, ఒక్క షాట్ తీసెయ్యమని అడగకపోవచ్చు. ఆయన డబ్బు తీసుకున్నామన్న మొహమాటమే ఆ షాట్లు తీయించేస్తుంది. 2004లో కాన్ ఫిల్మ్ ఫెస్టివల్ పోటీ విభాగంలో ప్రదర్శించిన ‘మోండోవినో’ డాక్యుమెంటరీ పేరుమోసిన వైన్ సలహాదారులనీ పెద్ద వైనరీల యజమానులనీ సూటిగా ప్రశ్నించింది. వైనరీల డబ్బుతో అలాంటి సినిమా వస్తుందని నేననుకోను.

పైగా ఆ డబ్బు రేపు సినిమా అమ్ముకోవడానికి కూడా అడ్డం తిరుగుతుంది. అమెరికాలో ప్రజా టీవీ సంస్థ పీబీఎస్ ఒక కార్యక్రమానికి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో మూడు రకాలుగా చూస్తుంది: కథనం మీద దాతకు పెత్తనం ఉందా, ఉన్నట్టు ప్రేక్షకుడికి అనిపిస్తుందా, వ్యాపార ప్రచారం కోసం తీసినట్టుందా. వైనరీ డబ్బుతో ఆ వైనరీ మీదే తీసిన సినిమా రెండో పరీక్ష దగ్గరే ఇరుక్కుంటుంది. ఫ్రాన్స్‌లో 1991 నాటి ఎవాఁ చట్టం టీవీలో, సినిమా హాళ్లలో మద్యం ప్రకటనల్ని నిషేధించింది. 2016లో వచ్చిన సవరణ ఒక వెసులుబాటు ఇచ్చింది. ఒక ప్రాంతం గురించో, అక్కడి పనితనం గురించో, వారసత్వం గురించో చెప్పే విషయాన్ని ప్రకటనగా లెక్కగట్టరు. అంటే పనితనం మీద తీసిన సినిమాకు దారి ఉంది. సీసా మీది పేరును మోసే సినిమాకు ఆ దారి మూసుకుపోతుంది.

ఒక్క తయారీదారు కాకుండా ఆ ప్రాంతపు తయారీదారుల సంఘమో, పర్యాటక శాఖో ఇస్తే? కొంచెం నయం. పెత్తనం ఒక్కడి చేతిలో ఉండదు, డబ్బూ కాస్త ఎక్కువే ఉంటుంది. అయితే సంఘం సభ్యుల కోసం పుట్టింది. ఐరోపాలో సహజ పద్ధతిలో వైన్ చేసే చాలామంది ప్రాంతపు ముద్ర (ఫలానా ప్రాంతపు వైన్ అని సీసా మీద రాసుకునే హక్కు) నిబంధనల్లో ఇమడలేక బయటికొచ్చేశారు. ఫ్రాన్స్‌లో అలాంటివాళ్లు తమ వైన్‌ను ‘వాఁ ద ఫ్రాన్స్’ అన్న మామూలు పేరుతోనే అమ్ముకుంటారు. సంఘం డబ్బుతో సినిమా తీస్తే మొట్టమొదట తెర మీద కనపడకుండా పోయేది వీళ్లే. సినిమాకు అందరికంటే ఎక్కువ కావాల్సింది కూడా వీళ్లే. ప్రాంతీయ సినిమా నిధులు వేరే సంగతి. అవి కథలో వేలు పెట్టవు, మా ప్రాంతంలో ఇంత ఖర్చు పెట్టండి అంటాయి అంతే. దొరికితే తీసుకోవచ్చు.

చానల్ ముందుగా కొనుక్కుంటే డబ్బుతో పాటు గౌరవం కూడా వస్తుంది. ఒక చానల్ సంతకం పెట్టిందంటే మిగతావాళ్లు తలుపు తీస్తారు. ఒప్పందం మీద సంతకానికి కొంత, రఫ్ కట్‌కి (సినిమా మొత్తాన్ని ముతకగా కూర్చిన తొలి ఎడిట్‌కి) కొంత, చివరికి సినిమా అప్పగించాక మిగతాది, ఇలా వాయిదాల్లో ఇస్తారు. చిక్కంతా నిడివితో, తేదీతో. ఐరోపా టీవీలో గంట కార్యక్రమం అంటే 52 నిమిషాలు. వ్యాఖ్యానం కావాలంటారు, దారి చూపించే యాంకర్ కావాలంటారు, పదిహేను నిమిషాలకోసారి ఏదో మలుపు తిరగాలంటారు. ఫలానా నెలలో ప్రసారం అని రాసుకున్నాక ఆ ఏడు వడగళ్లు పడి పంట పోతే, పంట పోవడమే కథ అని వాళ్లను ఒప్పించడం చాలా కష్టం. అందుకే చానల్ దగ్గరికి రఫ్ కట్ చేతిలో పట్టుకుని వెళ్లడమే మంచిదని నా అభిప్రాయం. అప్పుడు వాళ్లు కొనేది ఉన్న సినిమాను. ఊహించుకున్న సినిమాను కాదు.

గ్రాంట్ల దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే స్వతంత్రంగా తీసేవాళ్లకు ఇదే అన్నిటికంటే శుభ్రమైన డబ్బు. అమెరికాలో సన్‌డాన్స్ ఫెస్టివల్ నడిపే సంస్థ ఇచ్చే సన్‌డాన్స్ డాక్యుమెంటరీ ఫండ్ ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ ఫెస్టివల్‌కు చెందిన ఇడ్ఫా బెర్తా ఫండ్ ఉంది, 1998లో మరో పేరుతో మొదలై ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల దర్శకులకు సాయం చేస్తూ వస్తోంది. ఇవి సాధారణంగా ఎడిటింగ్‌లో జోక్యం చేసుకోవు, లాభంలో వాటా కోసం పట్టుబట్టవు. అమెరికాలో గ్రాంట్లిచ్చే సంస్థలు సాధారణంగా వ్యక్తులకు నేరుగా ఇవ్వవు కాబట్టి ఒక లాభాపేక్ష లేని సంస్థ గొడుగు కింద చేరాలి. ఆ సంస్థ తన ఖర్చుల కింద సాధారణంగా 5 నుంచి 10 శాతం పట్టుకుంటుంది.

ఇబ్బందులు రెండు. దరఖాస్తు పెట్టాక ఫలితం రావడానికి నెలలు పడుతుంది. కోత ముందు పెట్టిన దరఖాస్తుకు జవాబు వచ్చేసరికి వైన్ పీపాలో ఉంటుంది. రెండోది ఇంకా లోతైనది. ‘ఈ సినిమా ఇప్పుడే ఎందుకు?’ అని ప్రతి కమిటీ అడుగుతుంది. రుచి, ఓపిక, చేతి నేర్పు అంటే వాళ్ల కలం కదలదు. వేడెక్కుతున్న వాతావరణం, పచ్చిపాల మీద నిబంధనలు, భూమి ధరలు, వలస కూలీలు అంటే కదులుతుంది. ఇవన్నీ నిజమైన సమస్యలే, చాలా తోటల్లో అవే అసలు కథ కూడా. కానీ లేని సమస్యను దరఖాస్తు కోసం అతికిస్తే, తీసేటప్పుడు దాని వెంటే పరుగెత్తాల్సి వస్తుంది, కళ్లముందు జరుగుతున్నది కనపడదు. తయారీదారు నోటి నుంచి మీరు స్వయంగా విన్న బాధనే రాయండి. వినకపోతే ఆ గ్రాంట్‌ను వదిలేయండి.

ఇక క్రౌడ్‌ఫండింగ్, అంటే ఆన్‌లైన్‌లో జనం దగ్గర కొంత కొంత పోగుచేయడం. అందుకోసం 2009లో మొదలైన కిక్‌స్టార్టర్ వెబ్‌సైట్‌లో అనుకున్న మొత్తం చేరితేనే డబ్బు వస్తుంది, చేరకపోతే ఒక్క పైసా రాదు. ప్రచారం గరిష్ఠంగా 60 రోజులు నడపొచ్చు. వచ్చినదాంట్లో 5 శాతం వేదికకు పోతుంది, చెల్లింపుల ఖర్చు కింద మరో 3 నుంచి 5 శాతం. వైన్ సినిమాలకు ఇక్కడో ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది: డబ్బిచ్చినవాళ్లకు కానుకగా మద్యం ఇవ్వడాన్ని కిక్‌స్టార్టర్ నిబంధనలు ఒప్పుకోవు. సీసా పంపిస్తామన్న మాట ఎత్తకుండానే వైన్ ప్రేమికుణ్ణి ఒప్పించాలి. చీజ్ పంపిద్దామంటే చల్లగా చేరాలి, సరిహద్దు దాటితే కస్టమ్స్. చాలామంది సగం బడ్జెట్ కానుకలు పంపడంలోనే కరిగిపోయాక గానీ ఇది గుర్తించరు. సినిమా డిజిటల్ కాపీ, టైటిల్స్‌లో పేరు, తయారీదారుతో ఒక సాయంత్రం ఆన్‌లైన్ ముచ్చట, వీటితో సరిపెట్టుకోవడం మేలు.

షూటింగ్ కోసం క్రౌడ్‌ఫండింగ్ చేయొద్దని, పూర్తి చేయడానికి చేయమని చెప్తాను. జనం ఇచ్చిన డబ్బుకు ‘సినిమా ఎప్పుడు?’ అన్న ప్రశ్న తోకలా ఉంటుంది, మూడేళ్ల వైన్‌తో ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేం. అదే కలర్ గ్రేడింగ్, సౌండ్ మిక్సింగ్, సబ్‌టైటిల్స్, సంగీతం హక్కులు అంటే లెక్క తెలిసిన ఖర్చు, గడువు తెలిసిన పని. చూపించడానికి చేతిలో మంచి టీజర్ కూడా ఉంటుంది. ఇంకో లాభం, డబ్బిచ్చినవాళ్లే మొదటి ప్రేక్షకులు. తయారీదారు నుంచి మొహమాటం లేకుండా తీసుకోదగ్గ సాయం కూడా ఇక్కడే దొరుకుతుంది. తన ఖాతాదారులకు ఒక్క మాట చెప్పమనండి, చాలు.

మిగిలింది సొంత జేబు. వేరే పనులు చేసి సంపాదించి, కోత సమయానికి సెలవు పెట్టి వెళ్లి తీయడం. దీన్ని పేదవాడి దారి అనుకుంటారు గానీ, గడువు లేని డబ్బు ఇదొక్కటే. రెన్నెట్ (పాలను గడ్డకట్టించే పదార్థం) వేసిన పాలు గడ్డకట్టాక చీజ్ చేసే మనిషి వేలు ఏటవాలుగా దింపి మెల్లగా పైకెత్తుతుంది. గడ్డ నున్నగా చీలి, చీలికలో తేట నీళ్లు ఊరితే కోయడానికి వేళైనట్టు. ఆ చూపు, ఆ వేలు ఒక్క క్షణం. రెండో టేక్ లేదు, మళ్లీ చేయమంటే తొట్టెడు పాలు చెడతాయి. ఆ క్షణంలో సరైన చోట నిలబడాలంటే ఆ గదిలో ముందే ఎన్నో పొద్దులు ఖాళీగా గడిపి ఉండాలి. ఆ ఖాళీ పొద్దులకు ఏ దాతా బిల్లు కట్టడు.

నార్త్ మాసిడోనియాలో తేనెపట్లు కాసుకునే హతీజే మురాతోవా మీద తీసిన ‘హనీలాండ్’ ఇందుకు మంచి ఉదాహరణ. మొదలైంది ఒక ప్రకృతి పరిరక్షణ కార్యక్రమం కోసం చిన్న వీడియోగా. దర్శకులు ఆమె దగ్గరే ఉండిపోయి మూడేళ్లు తీశారు, 400 గంటలకు పైగా ఫుటేజ్ పోగైంది. ఊరికి కరెంటు లేదు. ఆమె మాట్లాడే టర్కిష్ వాళ్లకు రాదు, అందుకని ముందు బొమ్మను బట్టే ఎడిట్ చేసుకున్నారు. 2019లో సన్‌డాన్స్‌లో బహుమతి అందుకుని, ఆ తర్వాత రెండు ఆస్కార్ విభాగాల్లో నామినేట్ అయింది. చిన్న డబ్బు తలుపు తీసింది, మిగతాదంతా ఓపికే చేసింది.

సొంత జేబుకు హద్దు కూడా ఉంది, దాన్ని దాచిపెట్టను. ఇద్దరే వెళ్తే ఒకరు కెమెరా, ఒకరు సౌండ్. సౌండ్ మనిషికి మాత్రం జీతం ఇవ్వండి, చీజ్ గదుల్లో కంప్రెసర్ ఆపమనే వీలుండదు, ఆ హోరులోంచి మాట పట్టడం అనుభవం ఉన్నవాళ్ల పని. బీమా కూడా తప్పనిసరి. పులుస్తున్న తొట్టెల నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ గాలికంటే బరువు, నేలమాళిగలో అడుగునే పేరుకుంటుంది. కింద పడుకుని షాట్ పెట్టే అలవాటున్న కెమెరామన్‌కు అది ప్రాణాంతకం. గాలి పరీక్షించాకే దిగాలి.

నన్నడిగితే మొదటి కోత సొంత డబ్బుతో, ఒక్క తయారీదారుతో. పదిమంది తయారీదారుల్ని చుట్టి వచ్చే సినిమా చానళ్లకు నచ్చుతుంది గానీ ప్రయాణాలకే డబ్బంతా పోతుంది, ఎవరి దగ్గరా రెండోసారి కూర్చోలేం. ఆ ఫుటేజ్‌తో టీజర్ కట్టి, రెండో కోతకు ఏడాది ముందే గ్రాంట్లకు పెట్టండి. రఫ్ కట్ అయ్యాక చానల్. అప్పటికీ లోటుంటే క్రౌడ్‌ఫండింగ్. ఫెస్టివల్ గురించి కూడా అప్పుడే ఆలోచించాలి. స్పెయిన్‌లోని శాన్ సెబాస్టియన్ ఫెస్టివల్ 2011లో తిండి సినిమాల కోసం వేరే విభాగమే పెట్టింది.

తయారీదారుతో ఒప్పందం మాత్రం మొదటి రోజే కాగితం మీద ఉండాలి. రఫ్ కట్ చూపిస్తాం, పొరపాటు ఉంటే దిద్దుతాం, తీసెయ్యమనే హక్కు మాత్రం ఉండదు. ఇంటి రహస్య పద్ధతి, కుటుంబంలో ఆరోగ్య విషయాల లాంటివి మినహాయింపుగా పేరుపేరునా రాసుకోండి. మీవల్ల పోయిన పని గంటలకు పరిహారం ఇవ్వండి, వాళ్ల వాడకానికి కొంత ఫుటేజ్ ఇవ్వండి. సినిమాకు లాభం వస్తే వాళ్లకు ఎంత శాతమో అంకె వేసి రాయండి. హతీజేకు సినిమా బృందం దగ్గరి ఊళ్లో ఇల్లు కొనిపెట్టింది, అది వాళ్ల మంచితనం. మీ తయారీదారుకు రావాల్సింది మాత్రం మంచితనానికి వదిలిపెట్టకుండా, సంతకానికి ముందే ఒక అంకెగా కాగితం మీదికి రావాలి.