రాజహంసల లెక్కకు 8×42 బైనాక్యులర్ చాలా?

పులికాట్ సరస్సు మీదుగా సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద ఆగి రాజహంసల్ని (ఫ్లెమింగోల్ని) ఊరికే చూసి రావడానికైతే ఏ బైనాక్యులర్ అయినా ఒకటే. అవి ఎన్ని ఉన్నాయో, ఏ జాతివో తేల్చాలంటే మాత్రం కథ వేరు. పన్నెండు వేల రూపాయల అటూ ఇటూ దొరికే 8×42 రకం ఆ పనికి ఎంతవరకు వస్తుందో చూద్దాం.

8 అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపిస్తుందని. 42 అంటే ముందు అద్దం వ్యాసం, మిల్లీమీటర్లలో. 42ని 8తో భాగిస్తే వచ్చే 5.25 మి.మీ. కంట్లోకి వచ్చే వెలుతురు కట్ట వెడల్పు. 10×42లో అది 4.2కి పడిపోతుంది. నేలపట్టు చెరువులో తెల్లవారుజామున చెట్ల మీద గూడబాతుల గూళ్లు చూసేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. ఎండెక్కాక పెద్దగా తెలియదు.

దుకాణంలో అందరూ ‘పది రెట్లది తీసుకోండి సార్’ అనే అంటారు. పులికాట్ దగ్గర ఆ పది రెట్లే ఇబ్బంది. చేతి వణుకు, ఉప్పునేల మీంచి లేచే వేడి తెర, రెండూ అదే లెక్కన పెద్దవవుతాయి. పైగా చూపు ఇరుకవుతుంది. వెయ్యి మీటర్ల దూరాన 130 మీటర్ల మేర చూపించే 8×, నాలుగు వందల మీటర్ల దగ్గర 52 మీటర్లు చూపిస్తుంది. వెయ్యికి 110 మీటర్ల 10×లో అది 44 మీటర్లే. గుంపు లెక్కపెట్టేటప్పుడు ఆ ఎనిమిది మీటర్లు చాలా విలువైనవి.

జాతి ఎందుకు తేల్చాలంటే, కెన్యాలోని లేక్ నకురు నేషనల్ పార్కు సంగతే చూడండి. అక్కడ పేరు తెచ్చింది చిన్న రాజహంస. దాని తిండి ఉప్పునీళ్లలో పెరిగే స్పైరులినా అనే నాచు. 2010 తర్వాత సరస్సులో నీటిమట్టం పెరిగి ఉప్పు పలచబడితే ఆ నాచు తగ్గింది, పక్షులు బొగోరియా లాంటి వేరే సరస్సులకు తరలిపోయాయి. పెద్ద రాజహంస తిండి వేరు, బురదలోని చిన్న ప్రాణులు దానికి ముఖ్యం. రెండింటినీ కలిపి ‘ఇన్ని రాజహంసలు’ అని రాస్తే ఏ జాతికి ఏం జరుగుతోందో ఎవరికీ అర్థం కాదు. పులికాట్‌లో ఎక్కువగా కనిపించేది పెద్దదే. దాని ముక్కు లేత గులాబీ, కొస మాత్రం నలుపు. చిన్నదాని ముక్కు ముదురెరుపు, దూరానికి మొత్తం నల్లగానే కనిపిస్తుంది. మంచి వెలుతురులో మూడు వందల మీటర్ల దాకా ఈ తేడా 8×42లో పట్టుకోవచ్చు. అర కిలోమీటరు దాటితే స్టాండు మీద పెట్టే స్పాటింగ్ స్కోప్ కావాల్సిందే. దాన్ని కూడా 60 రెట్లకు తిప్పి ప్రయోజనం లేదు. ఎండెక్కాక 25 దాటితే కనిపించేది వేడి తెరే.

ముక్కు రంగు ముఖ్యం కాబట్టే ఎర్రగా మెరిసే అద్దాలవి కొనకండి. ఆ పూత ఎరుపును వెనక్కి కొట్టేస్తుంది, లోపలికి నీలి పచ్చ రంగు మిగులుతుంది. గులాబీ పక్షి కొంగలా తెల్లబడిపోతుంది! జూమ్ ఉన్నవాటినీ వదిలేయండి. జూమ్ తిప్పేకొద్దీ రెండు గొట్టాల గురి తప్పి తలనొప్పి వస్తుంది. గురి చూసుకోవాలంటే దుకాణం బయటికొచ్చి దూరంగా ఉన్న కరెంటు తీగను చూడండి. ఒక తీగ రెండుగా కనిపిస్తే వెనక్కిచ్చేయండి.

సర్దుకునే పద్ధతి చాలామందికి తెలియదు. ముందు రెండు వలయాలు ఒకటయ్యేదాకా గొట్టాలు వంచాలి. కుడి కన్ను మూసి మధ్య చక్రంతో ఎడమ కంటికి స్పష్టం చేసుకోవాలి. తర్వాత ఎడమ కన్ను మూసి, చక్రం ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరి రింగు తిప్పాలి. కళ్లజోడు ఉంటే రబ్బరు కప్పులు కిందికి దించాలి. ఐ రిలీఫ్, అంటే కంటివైపు అద్దానికీ కంటికీ మధ్య ఉండగల దూరం, కనీసం 16 మి.మీ. లేని మోడల్‌లో జోడు వాళ్లకు అంచులు తెగిపోతాయి.

లెక్కకు ముందు పది పక్షుల్ని ఎంచి, ఆ పది ఎంత మేర ఉన్నాయో కంటికి పట్టించుకుని, గుంపు మీద అదే కొలత జరుపుకుంటూ పోవాలి. వేలల్లో ఉంటే నూరు చొప్పున. నీళ్లలో పాతిన వల కొయ్యల్ని హద్దులుగా పెట్టుకుంటే లెక్కేసినవే మళ్లీ లెక్కేయం. రోడ్డు ఎత్తు తక్కువ, వెనక వరుసలు ముందువాటి చాటున దాగిపోతాయి కాబట్టి లెక్క ఎప్పుడూ తక్కువే వస్తుంది. జనవరిలో సూర్యుడు దక్షిణంగా ఉంటాడు. రోడ్డుకు ఉత్తరం వైపు నీళ్లు చూస్తే వెలుతురు వీపు మీద పడి రంగులు సరిగ్గా తెలుస్తాయి.

ఈ ధరలో లోపాలు లేకపోలేదు. మెరిసే నీళ్ల ముందు పక్షి అంచున ఊదా గీత కనిపిస్తుంది. చూపు అంచులు మసకబారతాయి. మెడతాడు సన్నగా ఉంటుంది, 650 గ్రాముల బరువు గంటలో మెడ పట్టేయిస్తుంది. భుజాలకు తగిలించే పట్టీ విడిగా కొనుక్కోవాలి.

ఉప్పుధూళి పడితే చొక్కా అంచుతో తుడవకండి, పూత గీతలు పడుతుంది. ముందు రబ్బరు బల్బుతో ఊది, మెత్తటి బ్రష్‌తో రాల్చి, ఆఖర్న గుడ్డ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో తోలు సంచీలో ఉంచితే అద్దాల మీద బూజు తీగలు పాకుతాయి. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి, రంగు మారినప్పుడల్లా పొట్లాలు మార్చండి. నైట్రోజన్ నింపిన మోడల్ అయితే లోపలి వైపు ఆవిరి పట్టదు. ఆ ఒక్క మాట పెట్టె మీద ఉందో లేదో చూసి, లేకపోతే వెయ్యి రూపాయలు తగ్గించినా తీసుకోకండి.