పెన్ ప్రెషర్ సర్దుకోవడం: ఏళ్ల తరబడి వాడాక రాస్తున్న సమీక్ష

నా దగ్గరున్నది తెర లేని, మధ్య సైజు గ్రాఫిక్స్ టాబ్లెట్. పెన్నుకి బ్యాటరీ ఉండదు, పెట్టె మీద 8192 లెవెల్స్ (పెన్ను గుర్తించే నొక్కుడు మెట్లు) అని పెద్దక్షరాలు. కొన్నేళ్లుగా దాదాపు రోజూ దాని మీదే బొమ్మలు వేస్తున్నాను. డిజైను, బటన్లు, కేబుల్ గురించి కొన్న వారంలోనే ఎవరైనా రాసేస్తారు. పెన్ ప్రెషర్, అంటే ఎంత గట్టిగా నొక్కితే గీత ఎంత మందంగా, ముదురుగా పడుతుందన్న సంగతి మాత్రం వాడగా వాడగా గానీ తెలియదు. అందుకే ఇక్కడ దాని గురించే రాస్తున్నాను.

ముందు ఆ 8192 గొడవ తేల్చేద్దాం. 2048 లెవెల్స్ ఉన్న పాత పెన్నుతో ఒక గీత, దీనితో ఒక గీత పక్కపక్కన గీసి చూస్తే ఏది ఏదో నేను చెప్పలేను. దానికి కారణం లెక్కలోనే ఉంది. బ్రష్ సైజు 40 పిక్సెళ్లు అనుకుంటే, దాన్ని 8192 మెట్లుగా కోస్తే ఒక్కో మెట్టు పిక్సెల్‌లో 200వ వంతు కన్నా తక్కువ. ఒపాసిటీ (రంగు ఎంత చిక్కగా పడుతుందన్నది) సంగతీ అంతే. మనలో ఎక్కువమంది వేసేది 8 బిట్ కాన్వాస్ మీద, అందులో ఒక్కో రంగు చానెల్‌కి ఉండేవే 256 మెట్లు. ఇప్పుడు 16384 అంటూ పెన్నులు వస్తున్నాయి. ఆ అంకె కోసం మాత్రం ఎక్కువ డబ్బు పెట్టకండి.

అసలు చూడాల్సింది రెండు చివరలు. ఎంత తేలిగ్గా తాకితే గీత మొదలవుతోంది, ఎంత గట్టిగా నొక్కితే నూరు శాతం అయిపోతోంది. మొదటిదాన్ని ఇనిషియల్ యాక్టివేషన్ ఫోర్స్ అంటారు. కొన్ని కంపెనీలు 3 గ్రాములని చెప్పుకుంటాయి. ఇది ఎక్కువగా ఉన్న పెన్నుని ప్రెషర్ కర్వ్ (నొక్కుడుని గీత విలువగా మార్చే గ్రాఫ్) ఏదీ బాగుచెయ్యలేదు. పెన్నుకే తెలియని బరువుని సాఫ్ట్‌వేర్ ఎక్కణ్ణుంచి తెస్తుంది? జుట్టు గీసేటప్పుడు ఇది బయటపడుతుంది: గీత చివర సన్నబడుతూ మాయమవ్వాల్సింది, కత్తిరించినట్టు ఠక్కున ఆగిపోతుంది.

కొలవడం కష్టమేం కాదు. గ్రాముల్లో చూపే డిజిటల్ కాటా మీద టాబ్లెట్ పెట్టి, అంకెని సున్నా చేసి, చెయ్యి టాబ్లెట్‌కి ఆనకుండా పెన్ను నిలువుగా పట్టుకుని మెల్లగా నొక్కాలి. డ్రైవర్ (టాబ్లెట్‌ని కంప్యూటర్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) విండోలో ప్రెషర్ ఎక్కడ కదలడం మొదలెట్టిందో, ఎక్కడ నిండిపోయిందో కాటా చెబుతుంది. నా పెన్ను 10 గ్రాముల లోపే మేలుకుంటుంది, 400 గ్రాములకి కాస్త అటూ ఇటూగా నిండుతుంది. మొదటి అంకె బాగుంది. రెండోది నా చేతికి చాలా ఎక్కువ. గంటసేపు అంత బరువు పెట్టి ముదురు రంగులు నింపితే బొటనవేలి మొదలు లాగేస్తుంది.

ఇక కర్వ్ విషయం. అడ్డంగా ఉండేది మీ నొక్కుడు, నిలువుగా ఉండేది ప్రోగ్రాముకి అందే విలువ. గీత పైకి ఉబ్బితే పెన్ను మెత్తనవుతుంది, కొంచెం నొక్కినా ఎక్కువ పలుకుతుంది. కిందికి కుంగితే గట్టిపడుతుంది. బరువు చెయ్యి ఉన్నవాళ్లు కర్వ్‌ని గట్టిగా పెట్టుకోవాలని అందరూ చెప్పే మాట. నాదీ బరువు చెయ్యే, అయినా నేను ఒప్పుకోను. మొత్తం కర్వ్ గట్టిపడితే చెయ్యి ఇంకా గట్టిగా నొక్కడం నేర్చుకుంటుంది. నాకు కుదిరింది వేరు: కింది సగం కొంచెం కుంగి ఉండాలి, పై కొసని మాత్రం ఎడమకి జరిపి, నొక్కుడు 75 శాతం దగ్గరే విలువ నూరుకి చేరిపోవాలి. తేలిక నీడల్లో పట్టు దొరుకుతుంది, ముదురు కోసం మణికట్టు అరగదు. ఇది పెయింటింగ్‌కి. ఇంకులా లైన్ ఆర్ట్ గీసేటప్పుడు కింది కుంగు తీసేసి తిన్నటి గీతే పెడతాను, లేకపోతే గీతల మందం ఆలస్యంగా పెరిగి చిరాకు పుట్టిస్తుంది.

ఈ కర్వ్ ఎక్కడ పెట్టాలన్నదే ఎక్కువమందిని ముంచే చోటు. డ్రైవర్‌లో ఒకటుంటుంది, ప్రోగ్రాములో ఒకటుంటుంది, క్రిటా లాంటి బొమ్మలేసే ప్రోగ్రాముల్లో ఒక్కో బ్రష్‌కీ ఇంకొకటి. ఇవి ఒకదాని మీద ఒకటి పడతాయి. సగం నొక్కుడుని 70 శాతంగా మార్చే కర్వ్ రెండుచోట్లా ఉంటే చివరికి అందేది సుమారు 84 శాతం. అంటే మీ చేతి కదలికలో పై సగం మొత్తం మిగిలిన 16 శాతంలో ఇరుక్కుంటుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. డ్రైవర్‌ని తిన్నగా ఉంచి ప్రోగ్రాములో సర్దుకోవడం నా పద్ధతి. క్లిప్ స్టూడియో పెయింట్‌లో ఫైల్ మెనూలోనే పెన్ ప్రెషర్ సెట్టింగ్స్ ఉంటుంది. మీరు గీతలు గీస్తుంటే అదే చూసి కర్వ్ కడుతుంది. అక్కడ పరీక్ష రాస్తున్నట్టు బిగుసుకుపోకుండా రోజూ గీసినట్టే గీయాలి, అప్పుడే పనికొస్తుంది. క్రిటాలో టాబ్లెట్ సెట్టింగ్స్‌లో అన్ని బ్రష్‌లకీ కలిపి ఒక కర్వ్ ఉంది, పక్కనే టాబ్లెట్ టెస్టరూ ఉంది. ఫొటోషాప్‌లో అలా అన్నిటికీ కలిపి కర్వ్ లేదు, కాబట్టి అది వాడేవాళ్లకి డ్రైవరే దిక్కు. లినక్స్‌లో, ఎక్స్11 (తెర మీద విండోల్ని చూపించే వ్యవస్థ) మీద వాకామ్ కంపెనీ టాబ్లెట్ అయితే ఎక్స్‌సెట్‌వాకామ్ కమాండ్‌కి నాలుగు అంకెలిస్తే చాలు, 0 0 100 100 అంటే తిన్నటి గీత.

ప్రెషర్ అసలే పలకకపోతే అది కాలిబ్రేషన్ (సర్దుబాటు) గోల కాదు. విండోస్ ఇంక్ సెట్టింగ్ చూడండి, పాత టాబ్లెట్ డ్రైవర్ మిగిలిపోయిందేమో చూడండి. దాని గురించి ఇక్కడ ఇంతకంటే రాయను.

సర్దేటప్పుడు స్టెబిలైజర్ (చేతి వణుకుని సరిచేసి గీతని నున్నగా చేసేది) ఆపేయాలి, లేకపోతే చేతి తప్పేదో పెన్ను తప్పేదో తెలియదు. కాసేపు ఏదో ఒకటి గీసి చెయ్యి వదులయ్యాక మొదలెట్టాలి. సైజుని, ఒపాసిటీని విడివిడిగా పరీక్షించాలి. ఒపాసిటీ మాత్రమే మారే బ్రష్‌తో తేలిక నుంచి ముదురు దాకా ఒకే పొడుగాటి గీత గీయండి. మూడో వంతులోనే నల్లబడిపోతే కర్వ్ మరీ మెత్తన. చివర్లో ఒక్కసారిగా నల్లబడితే మరీ గట్టి. ఈ ఒక్క గీత చెప్పినంత ఏ గ్రాఫూ చెప్పదు.

ఒకసారి సర్దితే అయిపోతుందా అంటే, కాదు. నిబ్ అరిగి చదునవుతుంది. సెన్సర్ చూపే అంకెలు పెద్దగా మారకపోయినా రాపిడి మారుతుంది, దాంతో చెయ్యి నొక్కే తీరు మారుతుంది. ప్లాస్టిక్ నుంచి ఫెల్ట్ నిబ్‌కి మారినప్పుడు కూడా కర్వ్‌ని మళ్లీ చూసుకోవాల్సొచ్చింది. ఇంకొకటి, ఒకే మోడల్ పెన్నులు రెండూ ఒకలా ఉండవు. ఈ రకం పెన్నులో ఉన్న కాయిల్‌కి కరెంటు టాబ్లెట్ నుంచే అందుతుంది. నిబ్ నొక్కితే పెన్ను తిరిగి పంపే ఫ్రీక్వెన్సీ మారుతుంది, టాబ్లెట్ దాన్నే ప్రెషర్‌గా చదువుకుంటుంది. లోపలి భాగాల్లో పిసరంత తేడా ఉన్నా ఆ చదువు మారుతుంది. నా స్పేర్ పెన్ను మొదటిదానికన్నా మెత్తన, దానికి కర్వ్ వేరే దాచుకున్నాను. దాచుకోవడం అంటే నిజంగానే: ఒక అప్‌డేట్ నా సెట్టింగ్స్ అన్నీ తుడిచిపెట్టాక, కర్వ్‌కి స్క్రీన్‌షాట్ తీసిపెట్టడం అలవాటైంది.

పెన్నుని నిబ్ కిందికి పెట్టి కప్పులో నిలబెట్టకండి. నిబ్ మీద బరువు అలాగే ఉండిపోతే సెన్సర్ సున్నితత్వం పోతుందని వాకామ్ మాన్యువల్సే హెచ్చరిస్తాయి.

మొత్తం మీద ఈ టాబ్లెట్‌ని మళ్లీ కొంటానా? కొంటాను, ఆ 10 గ్రాముల లోపు మొదలయ్యే గుణం కోసం. 400 గ్రాముల కొసని కర్వ్ సర్దేసింది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు డ్రైవర్‌లో ప్రెషర్ బార్ తెరిచి, పెన్నుని టాబ్లెట్‌కి తాకకుండా వేలెడు ఎత్తులో ఊరికే తిప్పి చూడండి. బార్ సున్నా దగ్గరే ఉండాలి. కదిలితే నిబ్ లాగి, దుమ్ము దులిపి, మళ్లీ బిగించి చూడండి. అప్పటికీ కదిలితే డ్రైవర్‌లో థ్రెషోల్డ్ (గీత మొదలవ్వడానికి కావాల్సిన కనీస నొక్కుడు) పెంచి పని నడిపించొచ్చు గానీ, తేలిక గీతలు పోతాయి. కొత్త పెన్ను ఖరీదు ధరలోంచి తగ్గించమని అడగండి.