డబులా, ఇంటీజరా, డెసిమలా? పెద్ద దశాంశ సంఖ్యలకి ఏది మేలు?

ఈ మధ్య అందరూ ఇదే అడుగుతున్నారు కాబట్టి ఒకసారి రాసేస్తున్నా. ప్రోగ్రాముల్లో నంబర్ దాచుకునే పద్ధతులివి: డబుల్ అంటే పాయింట్ ఉన్న సంఖ్యని బైనరీలో దగ్గరి విలువగా దాచేది, ఇంటీజర్ అంటే పూర్ణసంఖ్య, డెసిమల్ అంటే మనం రాసే పదుల లెక్కలోనే అంకెల్ని దాచేది. డబుల్‌లో 0.1 + 0.2 కచ్చితంగా 0.3 రాదన్న గోల అందరికీ తెలిసిందే, దాని జోలికి పోను.

మొన్న నా పైథాన్ కోడ్‌లోకి 12345678901234567.89 అనే నంబర్ వచ్చింది, ప్రింట్ చేస్తే 12345678901234568 అని కనిపించింది. పాయింట్ తర్వాతవి పోతే పోయాయి, ముందున్న అంకె కూడా మారిపోయింది! డబుల్‌కి అంకెలు దాచుకోడానికి ఉన్నవి 53 బిట్లే మరి, 9007199254740992 దాటాక మధ్యలో సంఖ్యని వదిలేసి రెండేసి చొప్పున గెంతుతుంది. గ్రాఫులకి, సెన్సార్ రీడింగులకి డబులే హాయి, స్పీడ్‌గానూ ఉంటుంది. ప్రతి అంకె లెక్కలోకొచ్చే చోట మాత్రం వద్దు.

100తో గుణించి ఇంటీజర్‌గా దాచుకోవడం నాకూ ఇష్టమే, పై నంబర్ 64 బిట్లలో సుబ్బరంగా పడుతుంది. రేపెవరో వచ్చి పాయింట్ తర్వాత 8 అంకెలు కావాలన్నారనుకోండి, లిమిట్ 9223372036854775807 కాబట్టి ముందు భాగానికి మిగిలేవి 11 అంకెలే. జావాలో లాంగ్ (64 బిట్ల ఇంటీజర్) ఆ లిమిట్ దాటితే ఎర్రర్ కూడా రాదు, చడీచప్పుడు లేకుండా మైనస్‌లోకి వెళ్ళిపోవచ్చు.

అందుకే నా ఓటు డెసిమల్‌కి. స్లో అంటారు, నిజమే, కానీ నా పనికి ఆ తేడా ఎప్పుడూ అడ్డురాలేదు. అసలు చిక్కు వేరే ఉంది, పైన తప్పొచ్చింది డెసిమల్ వాడిన కోడ్‌లోనే! జేసన్ (ప్రోగ్రాములు డేటా పంపుకునే టెక్స్ట్ ఫార్మాట్) చదివేటప్పుడే నంబర్ డబుల్ అయిపోయింది, అప్పటికే పాడైనదాన్ని నేను తీసుకెళ్ళి డెసిమల్‌లో భద్రంగా పెట్టా. పైథాన్ డెసిమల్‌కి 0.1 నేరుగా ఇస్తే, అంటే డబుల్‌గా ఇస్తే, 0.1000000000000000055511151231257827 అంటూ తోక వస్తుంది, అదే కోట్స్‌లో పెట్టి స్ట్రింగ్‌గా, అంటే టెక్స్ట్‌గా ఇస్తే 0.1 మాత్రమే. జావాలో డెసిమల్ పని చేసే బిగ్‌డెసిమల్‌దీ ఇదే వరస. పైథాన్‌లో జేసన్ చదివే json.loads కి parse_float=Decimal అని ఇస్తే సరిపోతుంది, జావాస్క్రిప్ట్‌లో అయితే నంబర్‌ని స్ట్రింగ్‌గానే పంపమని అవతలి వాళ్ళని బతిమాలుకోవడం తేలిక.

ఇంకోటి, పైథాన్ డెసిమల్ లెక్క చేశాక జవాబులో మామూలుగా 28 అంకెలే ఉంచుతుంది, పై నంబర్‌ని దానితోనే గుణిస్తే 37 అంకెలు రావాలి, మిగతావి రౌండ్ అయిపోతాయి, ప్రెసిషన్ (ఉంచాల్సిన అంకెల సంఖ్య) పెంచుకోవాలి. జావా బిగ్‌డెసిమల్‌లో 1ని 3తో భాగించేటప్పుడు రౌండింగ్ చెప్పకపోతే ఎక్సెప్షన్ (ఎర్రర్) విసురుతుంది, చాలామంది తిట్టుకుంటారు గానీ నాకు అదే నచ్చింది, తప్పు దాచకుండా మొహం మీదే చెప్తుంది.

నంబర్‌ని లవం, హారంగా దాచే పైథాన్ ఫ్రాక్షన్ కచ్చితమే, హారాలు పెరిగేకొద్దీ ఈడుస్తుంది. జావాస్క్రిప్ట్ బిగ్‌ఇంట్ (ఎంత పెద్దదైనా పట్టే ఇంటీజర్)కి పాయింటే లేదు.

బిగ్‌డెసిమల్ వాడేవాళ్ళు 2.0, 2.00 లని ఈక్వల్స్ (equals)తో పోల్చకండి, ఫాల్స్ వస్తుంది, కంపేర్‌టూ (compareTo) వాడండి. నాకు దీనికే ఒక సాయంత్రం పోయింది.