పెట్టె మీద ఒక అంకె, బైండరు మీద మరొకటి

ఎనిమిది టన్నుల ఎక్స్‌కవేటర్‌ను ట్రైలర్ మీద తరలించడానికి నాలుగు రాచెట్ బైండర్లు (గొలుసును లాగి బిగించే మర పరికరాలు), నాలుగు గ్రేడ్ 70 (ఉక్కు బలాన్ని తెలిపే తరగతి) గొలుసులు కలిపి అమ్మే సెట్టును కొని ఆరు నెలలుగా వాడుతున్నాను. గొలుసులకు వంక పెట్టలేను. లంకెల మీద 70 అనే ముద్ర స్పష్టంగా ఉంది. 3/8 అంగుళం మందం గల ఈ రకానికి పని భార పరిమితి, అంటే వాడకంలో మించకూడని బరువు, 6,600 పౌండ్లు, అంటే దాదాపు 3 టన్నులు, తెగే బలం దానికి నాలుగు రెట్లు.

చిక్కంతా బైండర్లతోనే. పెట్టె మీద 6,600 అని పెద్దగా అచ్చువేశారు గాని, బైండరుకు పట్టిన గ్రీజును గుడ్డతో తుడిస్తే బయటపడిన అంకె 5,400. గొలుసు, బైండరు, ట్రైలర్‌కున్న కొక్కెం, యంత్రం మీది కట్టుచోటు, వీటిలో ఏది బలహీనమైతే దాని అంకే ఆ కట్టు మొత్తానికి వర్తిస్తుంది కనుక, పెట్టెను నమ్మినవారు ఒక్కో కట్టులో 1,200 పౌండ్ల లేని బలాన్ని లెక్కలో వేసుకున్నట్టే. నాలుగు కట్లూ కలిస్తే మా యంత్రానికి సరిపోయాయి. ఇంకాస్త బరువైన యంత్రమైతే ఆ మాట అనలేను. అడిగితే, ఆ బైండరు 3/8 గొలుసుకు సరిపోతుందని అమ్మినవారు జవాబిచ్చారు. హుక్కులో లంకె పట్టడం వేరు, బరువుకు ఆగడం వేరు.

బిగింపు మాత్రం హాయిగా ఉంది. పిడిని ఒక్కసారిగా మడిచి బిగించే పాత లివర్ బైండరుకు పైపు తొడిగి లాగేటప్పుడు పిడి వెనక్కి తన్ని దవడ పగలగొడుతుందేమోనన్న భయం ఉండేది. ఇందులో మర కొద్దికొద్దిగా తిరుగుతుంది, వదిలేటప్పుడూ అంతే. బకెట్‌ను నేలకు దించి, నాలుగు మూలల నుంచి ఏటవాలుగా లాగి కట్టినా, కొన్ని కిలోమీటర్లు పోయాక ట్రాకులు సర్దుకుని ఏదో ఒక గొలుసు వదులవుతూనే ఉంటుంది. అది బైండరు తప్పు కాదు, ఆగి మళ్లీ బిగించుకోవాలి. రాచెట్ నాలుకను నొక్కి ఉంచే స్ప్రింగు మాత్రం మొదటి వానలకే తుప్పుపట్టింది.

చివరకు గొలుసులు ఉంచుకుని, 9,200 ముద్ర ఉన్న బైండర్లను విడిగా కొన్నాను. అవి మోయడానికి బరువే, కానీ ఇప్పుడు కట్టులో తక్కువ అంకె గొలుసుది.