క్లామ్‌షెల్ బోనెట్: మూత బాగుంది, మూత తీసే తీగతోనే తంటా

మైలేజీ, సీట్లు, టచ్‌స్క్రీన్ సంగతులు ఎక్కడ చూసినా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. బండి పేరూ అవసరం లేదు. ముందు చక్రాల మీదుండే పక్క రేకుల (ఫెండర్ల) పైభాగాన్ని కూడా కప్పుతూ పక్కలకి దిగి మూసుకునే క్లామ్‌షెల్ బోనెట్ ఉన్న చిన్న ఎస్‌యూవీ. శ్రీకాకుళం టౌనులో, కళింగపట్నం వైపు, పలాస దాకా హైవే మీద చాన్నాళ్ళుగా తిరుగుతోంది. రాత్రిళ్ళు ఆరుబయటే ఉంటుంది.

అందం విషయంలో వంక పెట్టలేం. మామూలు కార్లకి బోనెట్‌కీ ఫెండర్‌కీ మధ్య సందు పైనే కనిపిస్తుంది. ఇందులో అది పక్కకి దిగి, హెడ్‌లైటు మూల నుంచి తలుపు వైపు గీత గీసినట్టు సాగుతుంది. పైన రేకంతా ఒకే ముక్క కావడంతో ముందుభాగం వెడల్పుగా, నిండుగా ఉంటుంది. 1970లో వచ్చిన మొదటి రేంజ్ రోవర్‌కి ఇలాంటి బోనెట్టే పెట్టి, రెండు మూలల్లో అంచులు లేపారు. బండి మూల ఎక్కడుందో డ్రైవరుకి సీట్లోంచే తెలియడానికి. ఈ బండికీ అంచులు లేచే ఉన్నాయి. ఏడు రోడ్ల కూడలిలో ఆటోల మధ్య దూరేటప్పుడు వాటి విలువ తెలుస్తుంది.

రిపేరుకీ ఇది సుఖమే. బోనెట్ ఎత్తగానే పక్కల ఎత్తయిన ఫెండర్ అంచు అడ్డు రాదు. బ్యాటరీ టెర్మినళ్ళు, ఫ్యూజుల పెట్టె, ఎయిర్ ఫిల్టరు డబ్బా అన్నీ చేతికందుతాయి. ఎడమవైపు హెడ్‌లైటు బల్బు బంపరు విప్పకుండానే మారిపోతుంది. కుడివైపు మాత్రం వాషర్ నీళ్ళ గొట్టం అడ్డం. అక్కడ చూసి కాదు, తడిమి మార్చాలి.

ఇదంతా బోనెట్ తెరుచుకుంటేనే. బ్యాటరీ డౌనైన రోజే డ్రైవరు కాళ్ళ దగ్గరున్న బోనెట్ లివర్ బరువు లేకుండా చేతిలోకి వచ్చేసింది. కేబుల్ తెగింది. ఇంకో బండి నుంచి కరెంటు ఇద్దామంటే బ్యాటరీ మూత కిందే ఉంది. ఇంత రేకుకీ తాళం ఒక్క సన్నటి తీగ చేతిలో పెట్టారు, దాని గురించి మాన్యువల్‌లో ఒక్క ముక్క లేదు. ఈ బండి మీద నాకున్న కోపమంతా ఇదే.

తెరిచిన పద్ధతి ఇది. ముందు ఇగ్నిషన్ తాళం ఆఫ్ చేయాలి. లివర్‌ని పట్టి ఉంచే రెండు స్క్రూలు తీస్తే కేబుల్ తొడుగులోంచి తీగ మొన కనిపిస్తుంది. దాన్ని నోస్ ప్లేయరుతో పట్టాలి. కటింగ్ ప్లేయరు వాడితే మిగిలిన మొన కూడా తెగుతుంది. రెండో చేత్తో తొడుగుని కదలకుండా పట్టుకోవాలి, లేకపోతే తీగతో పాటు తొడుగూ జరుగుతుంది, లాకు దగ్గర ఏమీ కదలదు. అదే సమయంలో ఇంకొకరు బోనెట్ ముందు అంచు మధ్యలో, సరిగ్గా లాకు మీద, అరచేతులతో నొక్కి వదులుతుండాలి. నొక్కినప్పుడు కొక్కెం మీద బరువు తగ్గుతుంది, ఆ క్షణంలో లాగితే ఊడుతుంది. నొక్కే మనిషి లేకుండా ఎంత లాగినా వృథా.

తీగ ముందువైపు తెగితే పని పెరుగుతుంది. బంపరు కింద ప్లాస్టిక్ షీల్డు క్లిప్పులు, 10 నంబరు బోల్టులు తీసి, కింద నుంచి పొడవాటి స్క్రూడ్రైవరుతో లాకు నాలుకని తోయాలి. వెనకే ఏసీ కండెన్సర్ ఉంటుంది. దాని రెక్కలు చాలా మెత్తన, మొన లోతుగా దిగి గొట్టానికి చిల్లు పడితే గ్యాసు పోతుంది.

తీగ తెగింది లివర్ దగ్గరే అయినా రోగం ముందు లాకులో ఉంది. గ్రీజులో దుమ్ము కలిసి నల్లటి జిగురైపోయింది, దాని కింద స్ప్రింగు చుట్లలో ఎర్రటి తుప్పు. సముద్రపు గాలి తగిలే చోట ఇది మామూలే. లాకు బిగిసేకొద్దీ లివర్‌ని గట్టిగా లాగుతాం, లాగిన ప్రతిసారీ తీగ వంగేది లివర్ మొన దగ్గరే, పోగులు ఒక్కొక్కటీ అక్కడే విడిపోతాయి. లివర్ బరువెక్కిందంటే అదే మొదటి హెచ్చరిక.

కొత్త కేబుల్ వేసేటప్పుడు పాతదాని చివర పురికొస కట్టి లాగి, ఆ పురికొసకే కొత్తది కట్టి వెనక్కి లాగితే పాతది వచ్చిన దారిలోనే కొత్తది వెళ్తుంది. ఇంజను గోడలో కేబుల్ దూరే రంధ్రానికి ఉండే రబ్బరు గ్రోమెట్ తిరిగి సరిగ్గా కూర్చోవాలి, లేకపోతే వానకి కార్పెట్ తడుస్తుంది. ఇక ఏడాదికి రెండుసార్లు, వానలకి ముందు ఒకసారి, నవంబరు తుపాన్ల కాలం దాటాక ఒకసారి, లాకుని డీజిలూ బ్రష్షూ పెట్టి కడిగి, ఆరాక పల్చగా తెల్ల లిథియం గ్రీజు రాయాలి. తుప్పు వదిలించే స్ప్రే ఒక్కటే కొట్టి వదిలేస్తే ఉన్న గ్రీజు కూడా కరిగిపోతుంది.

పైన మెచ్చుకున్న వెడల్పు రేకుకీ ఖర్చుంది. మామూలు కారుకి బైకు హ్యాండిల్ గీసుకుంటే ఫెండర్‌కి రంగు వేస్తే చాలు. ఇందులో అదే గీత బోనెట్ అంచు మీద పడుతుంది, రంగు కలవాలంటే మొత్తం బోనెట్‌కి వేయాలంటారు పెయింటర్లు. మూసేటప్పుడు అంచు మీద చేతులతో నొక్కితే పల్చటి రేకు లోపలికి పోతుంది. జానెడు ఎత్తు నుంచి వదిలేస్తే దానంతటదే పడుతుంది. బీచి దగ్గర బోనెట్ ఎత్తాల్సి వస్తే బండి వెనక భాగాన్ని గాలికి ఎదురుగా పెట్టాలి. ఎదురుగాలి ఈ పెద్ద రేకు కిందికి దూరితే ఊతకడ్డీ ఊడి బోనెట్ అద్దం మీదికి విరుచుకుపడుతుంది.

మళ్ళీ కొనాల్సి వస్తే ఇదే కొంటాననే అనుకుంటున్నా, కానీ బండి ఉండేది ఆరుబయట కాబట్టి షెడ్డు సంగతి చూసుకున్నాకే. తీరానికి దూరంగా, పాలకొండ, బొబ్బిలి వైపు ఉండేవాళ్ళకి ఈ లాకు గొడవ ఇంతగా ఉండకపోవచ్చు. సెకండ్‌హ్యాండులో చూస్తున్నవాళ్ళు మాత్రం బోనెట్ హింజి బోల్టుల తలల మీద రంగు చూడాలి. పానా పట్టిన గుర్తులుంటే బోనెట్ ఒకసారి విప్పినట్టే. తర్వాత రెండు పక్కలా సందు హెడ్‌లైటు నుంచి తలుపు దాకా ఒకే మందంలో ఉందో లేదో వేలు పెట్టి చూడాలి, లివర్‌ని ఒక్క వేలితో లాగి చూడాలి.